సుద్దగీత

పెద్దాసుపత్రి గేటు దాటాక దిగుడులో
నూకరత్నం మందులషాపు.
కింద గోడకి నలభై గళ్ళు. పైన అటక.
మధ్య ఒక మెట్టు విరిగిన నిచ్చెన,
నిచ్చెన మీద నేను.
సెలవు రోజుకి ఎనభై రూపాయలు, మధ్యాహ్నం ఇడ్లీ.

అన్నీ కిందే పెట్టుకోవచ్చు కదా అంటే
"గళ్ళు నలభై. మందులు నాలుగొందలు.
ఏది ఉంచాలో నువ్వే సెప్పు" అనేది.
రేపు ఏ దగ్గు ఏ పేటనించి దిగుతుందో తెలిస్తే
చెప్పడం ఎంతసేపు.
రేపటి సంగతి తెలిసినవాడు
మందులషాపు ఎందుకు పెట్టుకుంటాడు?

చెయ్యి తగిలిన పెట్టె మీదల్లా
చిన్న సుద్దగీత గీసేది.
కొత్త సరుక్కి చోటు కావలసిన రాత్రి
నిన్న ఆగిన గడి దగ్గర్నించే మొదలుపెట్టి
చూపుడువేలు గోడ వెంట నడిపించేది.
గీత ఉంటే కొంగుతో తుడిచి
"ఈపాలికి బతికిపోయావు, ఫో."
గీత లేకపోతే
"దీన్ని ఎవులూ ముట్టుకోలేదు. ఎక్కించీ పైకి."
గొంతులో కోపముండేది కాదు, జాలీ ఉండేది కాదు.
గోడ అయిపోతే వేలు మళ్ళీ మొదటి గడికి.

సీలు విప్పని పెట్టెకి లెక్క పాతదే, చిటికెలో పని.
విప్పిందయితే
ఎన్ని గోళీలు మిగిలాయో పద్దు రాసేదాకా
నన్ను నిచ్చెన ఎక్కనిచ్చేది కాదు.
రాయకుండా పైకెళ్ళిన సరుకు
సముద్రంలో పడ్డట్టేనంది ఒకసారి.

హుద్‌హుద్ వెలిసిన మర్నాడు
కరెంటు లేదు. రోడ్లమీద చెట్లు అడ్డం.
తలకి కుట్లు పడ్డవాళ్ళు, వాంతులవాళ్ళు,
ఉబ్బసం, షుగరు, కాలిన చేతులు,
నాలుగొందల మందులూ ఒక్కసారే కావాలి.
ఒకటి దింపడానికి ఇంకొకటి ఎక్కించాను,
ఎక్కించినదాన్నే వెనకనున్నవాడు అడిగాడు.
పొద్దున్నించి నిచ్చెన మీదే ఉన్నాను.
సాయంత్రానికి మందు అందింది పదకొండు చీటీలకి.
అప్పుడు నూకరత్నం షట్టరు సగం దించింది.
"పదిమందే లోపలికి. మిగతావోళ్ళు
మెట్లమీద కూకోండి, పిలుస్తాను."
తిట్టారు. కూర్చున్నారు.
రాత్రి తొమ్మిదికల్లా మెట్లు ఖాళీ.

మూడో వరుస మూల గడిలో మాత్రం ఒక పెట్టె,
ఏడాది పొడవునా గీత లేనిది.
వేలు దాని దగ్గరికొచ్చి, ఆగకుండా దాటేది.
దుమ్ము దులుపుతూ విప్పి చూశాను:
పసిపిల్లల ముఖానికి సరిపోయే ఊపిరి మాస్కు.
పైన పెట్టనా అన్నాను.
"అది కావల్సినప్పుడు
నిచ్చెనెక్కేటంత టైము ఉండదు" అంది.
ఎప్పుడు కావల్సొచ్చిందో చెప్పలేదు.
నేను అడగలేదు.

మధురవాడ మెట్ట మీద గాజు మేడలో ఇప్పుడు నాకు రాత్రి డ్యూటీ.
నిన్న రెండున్నరకి సర్వరు మొరాయించింది.
మెమరీ నిండింది. పేజీలు డిస్కుకి పోతున్నాయి,
పోయినవే వెంటనే కావాలంటున్నాయి.
డిస్కు లైటు ఆరడం లేదు,
ప్రాసెసరు చేతులు కట్టుకుని కూర్చుంది.
కొత్తగా చేరిన ఉజ్వలచంద్ర అడిగాడు:
పేజీని బయటికి పంపడమంటే, మేడమ్, మర్చిపోవడమేనా?
కాదు, నిచ్చెన ఎక్కాలి, అంతే అన్నాను.
నిచ్చెనేంటి మేడమ్ అన్నాడు.
ఏడు పనుల్ని నిద్రపుచ్చాను.
మెట్లమీద కూకోండి, పిలుస్తాను.
లైటు ఒక్క క్షణం ఆరింది.
ఇంకాసేపటికి
ఆరి, ఆరే ఉంది.

తెల్లారి బస్సు దిగుడులో నెమ్మదించింది.
షాపులో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు.
గోడకి నలభై గళ్ళు అలాగే ఉన్నాయి.
మూడో వరుస మూలన ఏం పెట్టారో
కిటికీలోంచి కనబడలేదు.